ముందుగా ఎదిగిన వెయ్ రాజ్యం ఎందుకు చితికిపోయింది?

చైనా ఇంకా పలు రాజ్యాలుగా ఉన్న రోజులవి. క్రీ.పూ. 225లో ఛిన్ రాజ్యపు సేనాపతి వాంగ్ బెన్, వెయ్ రాజధాని దాలియాంగ్ నగరం మీదికి నదీజలాలు మళ్లించాడు. ఇవాళ్టి హెనాన్ రాష్ట్రంలో కైఫెంగ్ ఉన్నచోటే ఆ నగరం ఉండేది. మూడు నెలలు నీళ్లలో నానిన ప్రాకారం కూలింది, రాజు జియా లొంగిపోయాడు, వెయ్ రాజ్యం అంతరించింది. సుమారు నూరేళ్ల తర్వాత చరిత్రకారుడు సిమా చియెన్ ఆ శిథిలాలు చూడటానికి వెళ్లాడు. అంతకుముందు ఏలిన ఒక రాజు, తన తమ్ముడు షిన్‌లింగ్ ప్రభువు లాంటి సమర్థుణ్ణి పక్కన పెట్టడం వల్లే రాజ్యం పోయిందని అప్పట్లో అందరూ అనుకునేవారు. సిమా చియెన్ ఆ మాట ఒప్పుకోలేదు. దేశాన్నంతా ఒక్కటి చేసే పని దైవం ఛిన్‌కు అప్పగించేసింది, అలాంటప్పుడు ఎంత గొప్ప మంత్రి ఉన్నా చేసేదేమీ లేదని రాశాడు.

ఈ రెండు మాటలూ రాజ్యం చివరి రోజుల్నే చూస్తున్నాయి. అప్పటికి వెయ్‌కి మిగిలింది ఒక రాజధాని, దాని చుట్టుపక్కల కొంత నేల. అసలు నష్టం అంతకు నూరేళ్లకు ముందే, వెయ్ అందరికంటే బలంగా ఉన్న రోజుల్లోనే జరిగింది. ఒక్క రాజు పాలనలో, క్రీ.పూ. 361కీ 340కీ మధ్య ఇరవై ఏళ్లలో, మూడు తరాలు కూడబెట్టిన బలం ఖర్చయిపోయింది. అది ఎలా కూడిందో తెలిస్తేనే ఎలా కరిగిందో అర్థమవుతుంది.

జిన్ ముక్కలైన తీరు

జౌ వంశపు రాజులు తమ బంధువులకూ, యుద్ధాల్లో తోడు నిలిచినవాళ్లకూ నేల పంచి ఇచ్చి, దేశాన్ని వాళ్ల ద్వారా ఏలేవారు. అలా పుట్టిన సామంత రాజ్యాల్లో పెద్దది జిన్. ఇవాళ్టి షాన్షీ ప్రాంతం దానిది. క్రీ.పూ. 661లో జిన్ ప్రభువు షియెన్ తన సేవకుడు బీ వాన్‌కు వెయ్ అనే చిన్న ప్రాంతాన్ని బహుమానంగా ఇచ్చాడు. వెయ్ వంశం అక్కణ్ణుంచే మొదలైంది.

తమ్ముళ్లు, పినతండ్రులు సింహాసనానికి పోటీ వస్తారన్న భయంతో జిన్ ప్రభువులు సొంత వంశంలోని శాఖలనే నరికేశారు. దాంతో సైన్యాలు నడపడానికీ, ప్రాంతాలు చూసుకోవడానికీ బయటి కుటుంబాల మీద ఆధారపడాల్సి వచ్చింది. రెండు వందల ఏళ్లు తిరిగేసరికి ఆరు మంత్రి కుటుంబాలు రాజ్యాన్ని పంచుకు తింటున్నాయి, ప్రభువు పేరుకు మాత్రమే మిగిలాడు. ఆరింటిలో రెండు పోయాయి. మిగిలిన నాలుగింటిలో జీ కుటుంబం అన్నిటికంటే బలమైంది.

జీ కుటుంబ పెద్ద జీ బో మిగతా ముగ్గుర్నీ నేల ఇమ్మని అడిగాడు. హాన్, వెయ్ ఇచ్చేశాయి. జావో కుదరదంది. జీ బో ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని జావో వాళ్ల కోట జిన్‌యాంగ్‌ను ముట్టడించి, నది నీళ్లు మళ్లించాడు. కోట గోడ మునగడానికి కొన్ని అడుగులే మిగిలాయి. అది చూసి సంబరపడిన జీ బో, నీటితో కూడా రాజ్యాన్ని కూల్చవచ్చని ఇవాళే తెలిసిందన్నాడు. అదే రథంలో ఉన్న వెయ్ పెద్ద మోచేత్తో హాన్ పెద్దను పొడిచాడు, హాన్ పెద్ద వెయ్ పెద్ద పాదం తొక్కాడు. వాళ్ల సొంత కోటల పక్కన కూడా నదులున్నాయి మరి. క్రీ.పూ. 453లో ఆ ఇద్దరూ జావోతో రహస్యంగా కలిసి, అదే నీటిని జీ బో శిబిరం మీదికి తిప్పారు. జీ కుటుంబం నామరూపాల్లేకుండా పోయింది. దాని నేలను మిగిలిన ముగ్గురూ పంచుకున్నారు. క్రీ.పూ. 403లో జౌ రాజు ఈ ముగ్గుర్నీ సామంత ప్రభువులుగా గుర్తించాడు. ప్రభువు నేలను మంత్రులే పంచుకుంటే, దానికి రాజముద్ర పడింది. పాత వ్యవస్థ ఇక నిలవదని చెప్పడానికి చైనా చరిత్రకారులు తరతరాలుగా చూపించే సంవత్సరం అదే.

వెయ్ వంతుకు వచ్చిన నేల మంచిదే కానీ ఇరుకైనది, పైగా ముక్కలుగా ఉంది. పడమట ఛిన్, ఉత్తరాన జావో, దక్షిణాన హాన్, దాని వెనక చూ, తూర్పున చీ. ఎటు చూసినా పొరుగువాడే. జావోకు ఉత్తరాన గడ్డి మైదానాలున్నాయి, చూకు దక్షిణాన అడవులున్నాయి, చీకి వెనక సముద్రం ఉంది. వెయ్ విస్తరించాలంటే మాత్రం ఎవడో ఒకడి నేల లాక్కోవాల్సిందే. దాని గెలుపోటములన్నిటి వెనకా ఈ భూగోళం ఉంది.

వెన్ ప్రభువు లెక్కలు

క్రీ.పూ. 445 నుంచి 396 వరకు యాభై ఏళ్లు ఏలిన వెన్ ప్రభువు ఈ ఇరుకును అర్థం చేసుకున్నాడు. హాన్ వచ్చి జావో మీదికి సైన్యం ఇమ్మంది. జావో నాకు సోదరుడు, ఇవ్వనన్నాడు. జావో వచ్చి హాన్ మీదికి అడిగితే అదే జవాబు చెప్పాడు. ఇద్దరూ కోపంగా వెళ్లిపోయారు. తమ ఇద్దరి మధ్యా ఆయన సంధి నిలబెట్టాడని తర్వాత తెలుసుకుని గౌరవంగా ఆయన కొలువుకు వచ్చారు. ఈ చిన్న సంఘటనలో వెయ్ విదేశాంగ విధానం మొత్తం ఉంది. ఉత్తరం, దక్షిణం ప్రశాంతంగా ఉంటే బలమంతా ఒకే వైపు, పడమట ఛిన్ మీద పెట్టవచ్చు. క్రీ.పూ. 408 నాటికి పసుపు నదికి పడమట ఉన్న ఛిన్ నేల వెయ్ చేతికి వచ్చింది.

దానికంటే లోతైన పని పొలాల్లో జరిగింది. ఆయన మంత్రి లీ క్వెయ్ వేసిన ఒక లెక్క, తర్వాత వచ్చిన హాన్ సామ్రాజ్యపు (ఇది పొరుగునున్న హాన్ రాజ్యం కాదు) చరిత్రలో భద్రంగా ఉంది. ప్రపంచంలో ఒక సాధారణ రైతు కుటుంబపు ఇంటి బడ్జెట్‌ను ప్రభుత్వం ఇంత వివరంగా వేసిన తొలి సందర్భాల్లో ఇదొకటి. అందుకే దీన్ని తీరిగ్గా చూడాలి.

ఐదుగురున్న కుటుంబం నూరు ము పొలం చేస్తుంది. ము అనేది అప్పటి నేల కొలత, షి అనేది ధాన్యం కొలత. పండేది ఎక్కువగా కొర్రలు. ముకు ఒకటిన్నర షి చొప్పున ఏడాదికి 150 షి వస్తాయి. పదో వంతు పన్ను కింద 15 పోతే 135 మిగులుతాయి. మనిషికి నెలకు ఒకటిన్నర షి తిండి, ఐదుగురికి ఏడాదికి 90. ఇక మిగిలేది 45 షి. షి ముప్పై నాణేల లెక్కన అమ్మితే 1350 నాణేలు. ఊరి పూజలకూ పండగలకూ 300 పోగా 1050. బట్టలకు తలకు 300 చొప్పున 1500 కావాలి. అంటే 450 నాణేలు తక్కువ. జబ్బులు, చావులు, ప్రభుత్వం అదనంగా వేసే పన్నులు ఈ లెక్కలో లేనేలేవని లీ క్వెయ్ చివర్లో చేర్చాడు. రైతుకు వ్యవసాయం మీద మనసు పోవడానికీ, పట్నంలో ధాన్యం ధర మండిపోవడానికీ కారణం ఇదే అన్నాడు.

రైతు బద్ధకస్తుడని ఆయన అనలేదు. ఒళ్లొంచి కష్టపడినా లెక్క మునుగుతోందని అంకెలతో నిరూపించాడు. ధాన్యం ధర మరీ పెరిగితే కొనుక్కు తినేవాళ్లు చెదిరిపోతారు, మరీ పడిపోతే పండించేవాడు చితికిపోతాడు, ఎలా చూసినా రాజ్యానికే నష్టం. ఆయన చూపించిన దారి ప్రభుత్వ కొనుగోలు. మంచి పంటల్ని మూడు రకాలుగా, కరవుల్నీ మూడు రకాలుగా విభజించాడు. పంట బాగా విరగకాసిన ఏడు మిగులులో నాలుగింట మూడు వంతులు ప్రభుత్వం కొంటుంది. మామూలుగా బాగున్న ఏడు తక్కువ, కాస్త బాగున్న ఏడు ఇంకా తక్కువ కొంటుంది. కరవు ఎంత తీవ్రంగా ఉంటే అంత పెద్ద నిల్వ బయటికి తీసి అమ్ముతుంది. కనీస మద్దతు ధర కోసం మార్కెట్ యార్డు ముందు బారులు తీరే మన రైతులకు ఈ ఆలోచన వివరించి చెప్పనక్కర్లేదు. క్రీ.పూ. 54లో హాన్ సామ్రాజ్యం పెట్టిన ధాన్యపు గిడ్డంగుల పథకం వెనక ఉన్నది కూడా ఇదే ఆలోచన.

లీ క్వెయ్ చట్టాల్ని కూడా ఒక క్రమంలో పెట్టాడని, దొంగతనం, హింస, నిర్బంధం, పట్టివేత, ఇతర నేరాలు, సాధారణ సూత్రాలు అని ఆరు భాగాలు చేశాడని సంప్రదాయం చెబుతుంది. ఆ గ్రంథం ఇప్పుడు లేదు. అది ఎలా ఉండేదన్న దాని మీద పండితుల్లో వాదాలున్నాయి.

కొలువులో మిగతావాళ్లు కూడా ఇదే కోవకు చెందినవాళ్లు. యె పట్టణానికి అధికారిగా వెళ్లిన షీమెన్ బావో, నదీదేవుడికి ఏటా పెళ్లికూతుర్ని ఇవ్వాలంటూ ఆడపిల్లల్ని నీళ్లలోకి తోసి, ఆ పేరుతో జనం దగ్గర డబ్బు దండుకుంటున్న పూజారిణినీ, ఊరి పెద్దల్నీ చూశాడు. పిల్ల అందంగా లేదు, మంచి పిల్లను తర్వాత పంపిస్తామని దేవుడికి చెప్పి రమ్మంటూ ముందు పూజారిణినే నదిలోకి పంపాడు. ఆమె తిరిగి రాకపోతే శిష్యురాళ్లను, తర్వాత పెద్దల్ని పంపాడు. ఆ ఆచారం అక్కడితో ఆగిపోయింది. ఈ కథ అందరికీ గుర్తుంది. ఆ తర్వాత ఆయన జనంతో పన్నెండు కాలువలు తవ్వించి జాంగ్ నది నీటిని పొలాలకు మళ్లించడం మాత్రం చాలామంది మర్చిపోతారు. వెయ్ బలం ఆ కాలువల్లోనే ఉంది.

సైన్యం సంగతి వూ చీది. పడమటి ప్రాంతానికి అధికారిగా ఉన్న ఈ సేనాపతి సైనికులతోపాటే తినేవాడు, నేల మీదే పడుకునేవాడు. ఒక సైనికుడి కురుపులోని చీము నోటితో పీల్చి తీశాడని విని ఆ సైనికుడి తల్లి ఏడ్చింది. ఏమ్మా అంటే, వీడి తండ్రికీ ఇలాగే చేశాడు, ఆయన వెనుదిరక్కుండా పోరాడి చచ్చిపోయాడు, ఇప్పుడు వీడెక్కడ చస్తాడో అంది. వెయ్ ఎంపిక చేసిన పదాతి దళానికి పెట్టే పరీక్షను తత్వవేత్త షున్‌జీ వర్ణించాడు. మూడు భాగాల కవచం, బరువైన యంత్రధనుస్సు, యాభై బాణాలు, ఈటె, శిరస్త్రాణం, కత్తి, మూడు రోజుల తిండి మోసుకుంటూ మధ్యాహ్నానికల్లా నూరు లీల దూరం, అంటే సుమారు నలభై కిలోమీటర్లు నడవాలి. నెగ్గితే ఆ ఇంటికి వెట్టిచాకిరీ మాఫీ, ఇల్లూ పొలం విషయంలో రాయితీలు.

ఈ ఏర్పాటులోనే ఒక పగులు ఉందని షున్‌జీ పసిగట్టాడు. సైనికుడి సత్తువ కొన్నేళ్లకు తగ్గుతుంది, ఇచ్చిన రాయితీని మాత్రం వెనక్కి తీసుకోలేరు. కొత్తవాళ్లను చేర్చుకున్న కొద్దీ పన్ను కట్టే ఇళ్లు తగ్గిపోతాయి. నేల ఎంత పెద్దదైనా ఖజానా చిన్నదవుతుంది. ఆయన దాన్ని ప్రమాదంలో పడబోయే రాజ్యపు సైన్యం అన్నాడు. అలాంటి సైన్యాన్ని ఏళ్ల తరబడి యుద్ధాల్లో అరగదీస్తే మళ్లీ నింపుకోవడం కష్టం. తర్వాతి తరాల్లో జరిగింది అదే.

తెగిన స్నేహాలు, వెళ్లిపోయిన మనుషులు

వెన్ ప్రభువు కొడుకు వూ కాలంలోనే దారి మారింది. క్రీ.పూ. 386లో జావోలో వారసత్వ తగాదా వస్తే వెయ్ ఒక పక్షం తీసుకుని జావో రాజధాని హాన్‌దాన్ మీదికి సైన్యం పంపింది. గెలవలేదు సరికదా, తండ్రి యాభై ఏళ్లు కాపాడిన స్నేహం పోయింది. దాని ఫలితం క్రీ.పూ. 370లో వూ చనిపోగానే కనిపించింది. వారసుడెవరో ఆయన తేల్చకుండా పోయాడు. ఇద్దరు కొడుకులు కొట్టుకుంటుంటే జావో, హాన్ కలిసి దండెత్తాయి. పెద్దవాణ్ణి చంపి చిన్నవాణ్ణి కూర్చోబెట్టి నేల కోసుకుని పోదామంది జావో. ఇద్దరికీ పంచి రాజ్యాన్ని రెండు ముక్కలు చేద్దామంది హాన్. మాట కుదరక హాన్ సైన్యం రాత్రికి రాత్రే వెళ్లిపోయింది. ఆ రెండు ప్లాన్లలో ఏ ఒక్కటి సాగినా వెయ్ చీలిపోయి ఉండేదని సిమా చియెన్ వ్యాఖ్యానించాడు.

వూ కాలంలోనే వూ చీ కూడా వెళ్లిపోయాడు. కొలువులో చాడీలు నెగ్గాయి. ఆయన వెనక్కి తిరిగి పడమటి నేలను చూస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడని, ఇది త్వరలోనే ఛిన్ పాలవుతుందని అన్నాడని చెబుతారు. చూ రాజ్యం ఆయన్ని చేర్చుకుంది.

కొలువు నిర్మాణంలో ఉన్న లోపం ఇక్కడ బయటపడుతుంది. వెన్ ప్రభువు పరాయి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకు పనులు అప్పగించాడు. కానీ మహామంత్రి పదవి దగ్గరికి వచ్చేసరికి, వూ చీ, షీమెన్ బావో లాంటివాళ్లను వెతికి తెచ్చిన జై హువాంగ్‌ను కాదని తన తమ్ముడికే ఇచ్చాడు. రాజబంధువుల పట్టు అలాగే ఉండిపోయింది. సంస్కరణలు ప్రభువు మనసు మీద నడిచాయి. ప్రభువు మారగానే వాటిని మోసిన మనుషులు ఒంటరివాళ్లయ్యారు.

ఆ తగాదాలో గెలిచి గద్దెనెక్కిన హుయ్ కాలంలో (క్రీ.పూ. 369–319) ఇది మరీ ఖరీదైన తప్పు అయింది. మహామంత్రి గోంగ్‌షూ త్సువో చావుబతుకుల్లో ఉండగా హుయ్ చూడటానికి వెళ్లాడు. తన దగ్గర పనిచేసే ఒక యువకుణ్ణి చూపించి, రాజ్యం ఇతని చేతుల్లో పెట్టండి, లేదంటే చంపించండి, సరిహద్దు మాత్రం దాటనివ్వకండి అన్నాడు మంత్రి. ముసలాయనకు మతి చలించిందనుకుని హుయ్ రెండూ చేయలేదు. పోయిన నేలను తిరిగి తెచ్చే ఉపాయం చెప్పినవాళ్లకు పదవులూ భూములూ ఇస్తానని ఛిన్ ప్రభువు షియావో క్రీ.పూ. 361లో ప్రకటన వేశాడు. పోయిన నేల అంటే వెయ్ పట్టుకున్న ఆ పడమటి తీరమే. అది విని ఆ యువకుడు ఛిన్ చేరాడు. చరిత్రలో అతని పేరు షాంగ్ యాంగ్. లీ క్వెయ్ చట్టాల్ని వెంట తీసుకెళ్లాడని సంప్రదాయం.

ఛిన్‌లో అతను చేసింది వెయ్ పద్ధతికి నకలు అనుకుంటే పొరపాటు. వెయ్ ఆపేసినచోట నుంచి అతను మొదలుపెట్టాడు. యుద్ధంలో పనితనం చూపకపోతే రాజబంధువుకైనా హోదా లేదన్నాడు. శత్రువు తల తెచ్చిన మామూలు రైతుకు హోదా, పొలం ఇచ్చాడు. ఊళ్లను కలిపి జిల్లాలు చేసి, వాటి మీద వారసుల బదులు అధికారుల్ని పెట్టాడు. ఛిన్ సైన్యం ముందు వెయ్ సైన్యం నిలవలేదని షున్‌జీ తేల్చడానికి కారణం ఈ తేడాయే. పరీక్ష నెగ్గిన ఇంటిని వెయ్ జీవితాంతం పోషించింది. ఛిన్ మాత్రం ప్రతి యుద్ధంలోనూ కొత్తగా సంపాదించుకోమంది.

హుయ్ రాజు ఇరవై ఏళ్లు

అదే క్రీ.పూ. 361లో హుయ్ రాజధానిని పడమటి కొండల మధ్య ఉన్న ఆన్‌యీ నుంచి తూర్పు మైదానంలోని దాలియాంగ్‌కు మార్చాడు. ఛిన్‌కు భయపడి మార్చాడని కొందరు, తూర్పు మీద ఆశతో మార్చాడని కొందరు అంటారు. రెండూ నిజం కావచ్చు. దాలియాంగ్ చుట్టూ సారవంతమైన నేల, పసుపు నదినీ దక్షిణాన హువాయ్ నది వైపు పారే ఏరులనీ కలిపిన హోంగ్ కాలువ, దాని మీద సాగే వ్యాపారం వెయ్‌ను సంపన్నం చేశాయి. కానీ అక్కడ సహజమైన రక్షణ అంటూ ఏదీ లేదు. కొండ లేదు, కనుమ లేదు. పైగా రాజధాని తూర్పుకు పోయేసరికి రాజు చూపు కూడా తూర్పుకే పోయింది, పడమటి తీరం దూరపు సరిహద్దుగా మారిపోయింది. సరిగ్గా ఆ ఏడే షాంగ్ యాంగ్ ఛిన్‌లో అడుగుపెట్టాడు.

ఆ తర్వాత యుద్ధాలు వరసపెట్టాయి. క్రీ.పూ. 354లో తన అండలో ఉన్న చిన్న రాజ్యం మీద జావో దాడి చేసిందని హుయ్ హాన్‌దాన్‌ను ముట్టడించాడు. జావో చీ సాయం కోరింది. చీ సైన్యానికి సలహాదారు సున్ బిన్. ఇతను ఒకప్పుడు వెయ్ సేనాపతి పాంగ్ జుయెన్‌తో కలిసి చదువుకున్నవాడు. వెయ్‌కు పిలిపించుకున్న పాంగ్ జుయెన్, అసూయతో అతని మీద నేరం మోపి కాళ్లకు శిక్ష వేయించి వికలాంగుణ్ణి చేశాడు. చీ రాయబారి రహస్యంగా అతన్ని తప్పించి తీసుకుపోయాడు. హాన్‌దాన్‌కు పరిగెత్తకుండా దాలియాంగ్ మీదికి పోదాం, వెయ్ సైన్యం దానంతటదే తిరిగి వస్తుందన్నాడు సున్ బిన్. అలాగే అయింది. వచ్చే దారిలో గ్వెయ్‌లింగ్ దగ్గర వెయ్ దెబ్బతింది. 1972లో షాన్‌డాంగ్‌లోని యిన్‌చ్యూషాన్ సమాధిలో దొరికిన వెదురు పలకల్లో సున్ బిన్ యుద్ధశాస్త్రం బయటపడింది. అందులో గ్వెయ్‌లింగ్ మీద ఒక అధ్యాయమే ఉంది.

ఈ యుద్ధంలో వెయ్ మరీ ఘోరంగా ఓడలేదు. హాన్‌దాన్‌ను పట్టుకుంది కూడా. రెండేళ్లకు తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. ఈలోగా ఛిన్ పడమట షావోలియాంగ్ తీసేసుకుంది, పాత రాజధాని ఆన్‌యీ మీదికి వచ్చింది. తూర్పున యుద్ధం మొదలైన ప్రతిసారీ పడమట నేల పోవడం ఇక్కణ్ణుంచి ఒక వరసగా మారింది.

ఇక్కడ ఆగి ఉంటే వెయ్ తేరుకునేదే. క్రీ.పూ. 344లో హుయ్ సామంతుల సభ పెట్టి తాను రాజునని ప్రకటించుకున్నాడు. ఆ ఆలోచన ఎక్కించింది షాంగ్ యాంగేనని ఒక కథనం. ఛిన్ మీదికి రాబోతున్న వెయ్ సైన్యాన్ని మళ్లించడానికి రాయబారిగా వచ్చి, మీ అంతటివాడు రాజవస్త్రాలు కట్టుకోకపోతే ఎలా అని పొగిడాడట. కథ నిజమైనా కాకపోయినా ఫలితం నిజమే. తూర్పున చీ, దక్షిణాన చూ, పక్కనే ఉన్న హాన్, అందరికీ ఒక్కసారిగా వెయ్ ఉమ్మడి శత్రువైంది.

హాన్ సభకు రాలేదు. హుయ్ హాన్ మీద పడ్డాడు. మళ్లీ చీ వచ్చింది, మళ్లీ సున్ బిన్ వచ్చాడు. వెయ్ నేల మీద చీ సైన్యం మొదటిరోజు లక్ష పొయ్యిలు పెట్టింది, మర్నాడు యాభై వేలు, మూడోరోజు ముప్పై వేలు. చీ సైనికులు పారిపోతున్నారని నమ్మిన పాంగ్ జుయెన్ పదాతి దళాన్ని వెనక వదిలేసి, తేలికపాటి బలగంతో రాత్రి మాలింగ్ ఇరుకుదారిలోకి దూసుకొచ్చాడు. దాక్కున్న విలుకాళ్లు బాణాల వాన కురిపించారు. పాంగ్ జుయెన్ అక్కడే చచ్చిపోయాడు, యువరాజు షెన్ పట్టుబడ్డాడు. అది క్రీ.పూ. 341. వెన్ ప్రభువు నాటి సైన్యంలో మిగిలిన బలం కూడా ఆ దారిలోనే పోయింది.

మరుసటి ఏడే షాంగ్ యాంగ్ వచ్చాడు. వెయ్ సేనాపతి, రాజకుమారుడు ఆంగ్ అతనికి పాత పరిచయస్తుడు. మనం మిత్రులం, కలిసి తాగి సంధి చేసుకుందామని కబురు పంపి, విందులో పట్టేసుకుని సైన్యాన్ని చిత్తు చేశాడు. గోంగ్‌షూ త్సువో మాట వినకపోతినే అని హుయ్ అప్పుడు వగచాడు. క్రీ.పూ. 330లో పడమటి తీరం మొత్తం, 328లో ఉత్తరాన పదిహేను జిల్లాలు ఛిన్‌కు రాసిచ్చాడు. వూ చీ భయపడింది జరిగిపోయింది.

ముసలితనంలో ఈ రాజు తత్వవేత్త మెన్సియస్‌ను పిలిపించుకున్నాడు. తూర్పున చీ చేతిలో ఓడి పెద్ద కొడుకును పోగొట్టుకున్నాను, పడమట ఛిన్‌కు ఏడు వందల లీల నేల పోయింది, దక్షిణాన చూ అవమానించింది, ఏం చేయమంటావని అడిగాడు. ఇంకో సందర్భంలో, నదికి ఒక వైపు కరవు వస్తే జనాన్ని ఇంకో వైపుకు, ధాన్యాన్ని ఇటువైపుకు తరలిస్తున్నాను, ఇంత చేసినా నా జనాభా పెరగట్లేదేమని వాపోయాడు. కరవులో ధాన్యం పంపడం మంచి పనే. కానీ పంట బాగున్న ఏడు కొని నిల్వ చేయమన్న లీ క్వెయ్ మాటలో ముందుచూపు ఉంది. హుయ్ చేసింది కష్టం వచ్చాక సర్దుబాటు. జనం తిండిని కుక్కలూ పందులూ తింటున్నా ఆపరు, దారుల్లో ఆకలి చావులున్నా గిడ్డంగులు తెరవరు అని మెన్సియస్ ముఖం మీదే అన్నాడు. గిడ్డంగులు లేకపోలేదు. వాటిని రైతు లెక్కతో నడిపే మనిషే కొలువులో లేడు.

నూరేళ్ల కరగడం

ఆ తర్వాతి కథలో పెద్ద మలుపుల్లేవు. క్రీ.పూ. 293లో యీచ్వే దగ్గర హాన్, వెయ్ సేనల్ని ఛిన్ సేనాపతి బాయ్ చీ తుడిచిపెట్టాడు. చంపినవాళ్ల సంఖ్య 2,40,000 అని ఛిన్ లెక్క. ఆనాటి ఇలాంటి అంకెల్ని కాస్త తగ్గించి చూడాలేమో, దెబ్బ మాత్రం నిజం. క్రీ.పూ. 286లో ఆన్‌యీ పోయింది. అక్కడి జనాన్ని ఛిన్ బయటికి పంపేసి, హోదాలు ఆశచూపి తన మనుషుల్ని తెచ్చి దింపింది. నేల ఇచ్చి సంధి కొనుక్కుందామని వెయ్ మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. అది కట్టెలు మోసుకెళ్లి మంట ఆర్పడం లాంటిది, కట్టెలు అయిపోయేదాకా మంట ఆరదు అని సూ దాయ్ అనే దౌత్యవేత్త హెచ్చరించాడు.

మనుషులు వెళ్లిపోవడం కూడా ఆగలేదు. వెయ్ మహామంత్రి అనుమానంతో పక్కటెముకలు విరిగేలా కొట్టించి, చాపలో చుట్టి మరుగుదొడ్డిలో పారేయించిన ఫాన్ జూ ప్రాణాలతో తప్పించుకుని ఛిన్‌లో మహామంత్రి అయ్యాడు. దూరపు రాజ్యాలతో స్నేహం, దగ్గరి రాజ్యాల మీద దాడి అన్నది ఇతని విధానమే. ఛిన్‌కు దగ్గరున్నవి హాన్, వెయ్.

షిన్‌లింగ్ ప్రభువు కథ వెయ్‌కి చివరి వెలుగు. క్రీ.పూ. 257లో, రాజుగా ఉన్న తన అన్న మాటను కాదని, సైన్యాధికారపు ముద్రను అంతఃపురం నుంచి తెప్పించి, ఛిన్ ముట్టడిలో ఉన్న హాన్‌దాన్‌ను కాపాడాడు. పదేళ్లకు తిరిగి వచ్చి ఐదు రాజ్యాల సైన్యంతో ఛిన్‌ను కనుమలదాకా తరిమాడు. ఛిన్ బంగారం వెదజల్లి, ఈయనే రాజు కాబోతున్నాడని పుకార్లు పుట్టించింది. అన్న నమ్మాడు. పదవి పోయిన షిన్‌లింగ్ మద్యానికి బానిసై క్రీ.పూ. 243లో చనిపోయాడు. నది కట్ట తెంచి నీళ్లు వదిలితే దాలియాంగ్ మిగలదని అన్నకు ముందే హెచ్చరించిన మనిషి ఆయన. అయినా ఆయన ఉండి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు జవాబు సులువే. ఇంకో ఇరవై ఏళ్లు గడిచేవేమో. పడమటి తీరం, ఆన్‌యీ, నదికి తూర్పు నేల పోయాక ఒక సేనాపతి గెలిపించగలిగేది యుద్ధాన్నే. సైనికుల్ని ఇచ్చే ఊళ్లూ, తిండి పెట్టే పొలాలూ ఆయన తేలేడు.

ఆ రోజుల్లో వెయ్ ఎలా ఉండేదో చెప్పే ఒక ఆధారం 1975లో హుబెయ్‌లోని యున్‌మెంగ్ దగ్గర బయటపడింది. క్రీ.పూ. 217లో ఖననం చేసిన ఒక ఛిన్ చిన్న అధికారి సమాధి అది. అతనితోపాటు పెట్టిన వెయ్యికి పైగా వెదురు పలకల్లో ఛిన్ చట్టాల మధ్య రెండు వెయ్ శాసనాలున్నాయి. వాటి తేదీ క్రీ.పూ. 252, అంటే షిన్‌లింగ్ అన్న పాలనలోనివి. పొలం వదిలేసి బతికేవాళ్లకు, సత్రాలు నడిపేవాళ్లకు, ఇల్లరికపు అల్లుళ్లకు సొంత కుటుంబంగా నమోదు ఉండకూడదు, పొలం ఇవ్వకూడదు అంటుంది ఒకటి. అలాంటివాళ్లను సైన్యానికి పంపండి, సేనాపతి జాలి చూపనక్కర్లేదు, మిగతా సైనికులకు ఎద్దు మాంసం వండి పెట్టినప్పుడు వీళ్లకు కూర వేయకండి, కోట ముట్టడిలో కందకాలు పూడ్చడానికి వాడుకోండి అంటుంది రెండోది.

లీ క్వెయ్ కాలంలో అధికారులు రైతు ఇంట్లో 450 నాణేలు ఎందుకు తగ్గాయో వెతికారు. ఈ శాసనాల నాటికి పొలం వదిలిపోయినవాడు నేరస్తుడయ్యాడు, ఎందుకు వదిలిపోయాడన్న ప్రశ్న శాసనంలో ఎక్కడా లేదు. వీటిని వాంగ్ బెన్ నీళ్లు వదలడానికి ఇరవై ఏడేళ్ల ముందు రాశారు.